శంషాబాద్ విమానాశ్రయం: నిర్మాణ వ్యయం, నిధుల సమీకరణ

శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంతో నిర్మితమై 2008 మార్చి 23న వాణిజ్య సేవలు ప్రారంభించింది. ఏటా 1.2 కోట్ల మంది ప్రయాణికులకు సరిపడు టెర్మినల్, రన్‌వే సహా తొలిదశ వ్యయం రూ. 2,478 కోట్లు.

ఇందులో వాటా మూలధనం రూ. 378 కోట్లు. అప్పట్లో జి.ఎం.ఆర్. సంస్థకు 63 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు చెరి 13 శాతం, మలేషియా విమానాశ్రయాల సంస్థకు 11 శాతం వాటా ఉండేది. దీనికి అదనంగా నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రూ. 107 కోట్ల గ్రాంటు, రూ. 315 కోట్ల వడ్డీలేని రుణం సమకూర్చింది. రుణం వాయిదాలలో తిరిగి చెల్లించవలసినది. గ్రాంటు అట్టిది కాదు. మిగిలిన దానిలో అధిక భాగం బ్యాంకు రుణం.

2008లోనే అంతర్జాతీయ ప్రయాణికునికి రూ. 1,000, దేశీయ ప్రయాణికునికి రూ. 375 చొప్పున వినియోగదారు అభివృద్ధి రుసుము విధించడంతో వ్యయభారంలో కొంత ప్రయాణికులకు సంక్రమించింది.