ప్రదర్శన శునకాల తోలు పగ్గం: అల్లిక, అలంకార ముడులు

శునక ప్రదర్శనలలో కుక్కను నడిపించడానికి వాడే సన్నని పగ్గాన్ని షో లీడ్ అంటారు. కుక్క మెడ, భుజాల తీరు న్యాయనిర్ణేతకు స్పష్టంగా కనబడాలి కనుక ఇది సన్నగా, రోమపు రంగులో కలిసిపోయేలా ఉంటుంది. సన్నదైనా తెగరాదు, మెడను కోయరాదు. ఈ రెండు గుణాలనూ సాధించడమే అల్లికలోని నేర్పు.

మన ప్రాంతంతో సంబంధం

తెలుగు రాజులు తరతరాలుగా స్థిరపడిన తమిళనాడులోని రాజపాళయం పట్టణం పేరనే ఒక వేటకుక్క జాతి ఉంది. కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్ పేరిట మరొకటి ఉంది. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీ శునక జాతులపై విడుదల చేసిన బిళ్లలలో ఈ రెండూ చోటు చేసుకున్నాయి. ముధోల్ వంటి వేటకుక్కలకు తల సన్నన, మెడ పొడవు. మామూలు పట్టీ తల మీదుగా జారిపోతుంది. రద్దీ వీధిలో అలా జారితే కుక్క ప్రాణానికే ముప్పు. అందువలన మెడ ఉచ్చుపై బిగువుగా జరిగే ముడి ఒకటి తప్పనిసరి.

తోలు ఎంపిక

ఆస్ట్రేలియా అల్లికదారులు కంగారూ తోలును శ్రేష్ఠమైనదిగా భావిస్తారు. పల్చగా చీల్చినా దాని బలం అంతగా తగ్గదు. మనకు అందుబాటులో ఉన్నది మేకతోలు. దక్షిణాదిన తంగేడు బెరడుతో తోలు పదును చేయడం పాత పద్ధతి. ఇలా చెట్ల బెరడుతో పదును చేసిన తోలు అంచు శుభ్రంగా తెగుతుంది. మచ్చలు, గాట్లు ఉన్న భాగాన్ని విడిచిపెట్టాలి. పగ్గం బలం దాని బలహీనమైన పేట బలమే.

పేటలు కోయడం

గుండ్రని తోలు ముక్కను అంచు నుండి సుడిలా కోస్తే అతుకు లేని పొడవైన పేట వస్తుంది. సుమారు 3 మిల్లీమీటర్ల వెడల్పు చాలు. మీటరు పగ్గానికి ఒక్కొక్కటి మీటరున్నర చొప్పున నాలుగు పేటలు కావాలి. కోసిన పేటలను ముందుగానే లాగి సాగదీయాలి. లేకుంటే అల్లిక తరువాత వదులవుతుంది. రంపెతో వెనుక అంచులను గీకి, సబ్బు, కొవ్వు కలిపిన ముద్దను పట్టించాలి.

నాలుగు పేటల గుండ్రని అల్లిక

నాలుగు పేటలను పక్కపక్కన ఉంచాలి. ఎడమ కొస పేటను మధ్యనున్న రెండింటి వెనుకగా పోనిచ్చి, రెండవ దానిపై నుండి ముందుకు తెచ్చి, మధ్యలో నిలపాలి. తరువాత కుడి కొస పేటతో ఇదే చేయాలి. ఇలా మార్చి మార్చి చేయాలి. ప్రతిసారీ ఒకే బిగువు ఉండాలి. ముగిసిన అల్లికను రెండు పలకల మధ్య దొర్లిస్తే నునుపు తేలుతుంది.

టర్క్స్ హెడ్ ముడి

తలపాగాను పోలినందున దీనికి ఆ పేరు వచ్చింది. మూడు పాయల జడను గుండ్రంగా వంచి కొసలు కలిపినట్లు ఉంటుంది. కాని దీనిని ఒకే పేటతో అల్లుతారు. ఇందులో చిన్న గణితం ఉంది. పాయల సంఖ్యకు, అంచు మలుపుల సంఖ్యకు 1 తప్ప ఉమ్మడి భాజకం ఉండరాదు. 3 పాయలు, 5 మలుపులు కుదురుతాయి. 3 పాయలు, 6 మలుపులు కుదరవు. పేట మధ్యలోనే మొదటికి చేరుతుంది. మొదటి చుట్టు పూర్తయ్యాక అదే దారిలో మరొకసారి పోనిచ్చి, ఆరెతో కొంచెం కొంచెంగా బిగించి, కొసలను లోనికి దూర్చాలి.

ఈ ముడి చేతి పిడి వద్ద పేటల కొసలను కప్పుతుంది, మెడ ఉచ్చుపై జరుగుడు ముడిగా పనిచేస్తుంది. చూపుకు అలంకారం, పనికి ఆధారం.

జాగ్రత్తలు

తడిసిన పగ్గాన్ని నీడలోనే ఆరబెట్టాలి. కొవ్వు పట్టించిన తోలును ఎలుకలు కొరుకుతాయి కనుక మూత ఉన్న పెట్టెలో దాచాలి. వాడే ముందు ప్రతిసారీ వేళ్లతో తడిమి చూడాలి. ఈ పగ్గంతో కుక్కను గుంజకు కట్టి విడిచిపోరాదు. ఉచ్చు బిగిసి ఊపిరాడకపోవచ్చు.

పలుపులు, పగ్గాలు పేనడం తెలిసిన చేతులకు ఈ విద్య అలవడడం కష్టం కాదు. తొలుత నూలు తాడుతో చేయి తిరిగిన పిమ్మట తోలు ముట్టడం ఉత్తమం.