ఐదు వారాల బీజగణితం

మూడో వరసలో గోడ పక్కన కుర్చీ ఖాళీగా ఉంది, అక్కడ కూర్చోండి. స్వెటర్ తెచ్చుకున్నారా? బయట జూన్ ఎండ మండిపోతున్నా ఈ గదిలో ఏసీ చలికి వేళ్లు కొంకర్లు పోతాయి.

ఇది డాలస్ శివారులో ఒక కమ్యూనిటీ కాలేజీ. కోర్సు పేరు కాలేజ్ ఆల్జీబ్రా. టెక్సస్‌లో దాదాపు ఏ కమ్యూనిటీ కాలేజీకి వెళ్లినా దాని నంబరు 1314. మామూలు సెమిస్టర్‌లో 16 వారాల పాటు చెప్పే పాఠం వేసవిలో 5 వారాల్లో అయిపోతుంది. సోమవారం నుంచి గురువారం దాకా, రోజుకు దాదాపు రెండున్నర గంటలు. ఒక్క పూట మానేస్తే దాదాపు వారం మానేసినంత నష్టం. అందుకే జ్వరంతో ఉన్నవాళ్లు కూడా మాత్ర వేసుకుని వస్తారు.

మీ ముందున్న కుర్రాడు ఏసీలు బాగుచేస్తాడు. చొక్కా జేబు మీద పేరు కుట్టి ఉంది చూడండి. ఇక్కడ ఏసీ యంత్రాలు చాలా ఇళ్లలో అటకల మీదే ఉంటాయి. క్లాసు అవగానే ఈ ఎండలో ఆ అటకలు ఎక్కడానికి వెళ్తాడు. కిటికీ దగ్గరున్న అమ్మాయికి ఇంకా హైస్కూలే పూర్తి కాలేదు. నా పక్కన కూర్చున్నది మన తెలుగమ్మాయి. ఆస్టిన్‌లో చదువుతోంది, ఫీజు తక్కువని సెలవుల్లో ఈ కోర్సు ఇక్కడ కానిచ్చుకుంటోంది. నన్ను ఆంటీ అని పిలుస్తుంది. నేను గుంటూరులో బీకాం చదివినదాన్ని. ఇక్కడి ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని కావాలని నా కోరిక. టీచర్లు కాబోయేవాళ్ల కోసం 1350 అని వేరే లెక్కల కోర్సు ఉంది. అందులో చేరాలంటే ముందు 1314 గట్టెక్కాలి.

ప్రొఫెసర్ వచ్చారు. మార్కర్ మూత తీశారు. పలకరింపులకు టైము లేదు.

ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యకు పది రెట్లు కలిపితే 39. ఆ సంఖ్య ఎంత?

మన చేతులు వాటంతటవే కదులుతాయి. పదిలో సగం ఐదు, ఐదు వర్గం ఇరవై ఐదు, రెండు వైపులా కలుపు. హైస్కూల్లో బెత్తం భయంతో నేర్చుకున్నది అంత తేలిగ్గా పోదు. కానీ ఆవిడ సమీకరణం జోలికి పోకుండా బోర్డు మీద ఒక చదరం గీశారు. దాని భుజమే మనకు తెలియని సంఖ్య. కుడి పక్కన ఐదు వెడల్పుతో ఒక పట్టీ, కింద అదే వెడల్పుతో ఇంకో పట్టీ. ఆ రెండూ కలిస్తే పది రెట్లు. చదరం, పట్టీలు అన్నీ కలిపి వైశాల్యం 39. ఇప్పుడు కింద కుడి మూల చూడండి. అక్కడ ఖాళీ ఉంది. అయిదు పొడవు, అయిదు వెడల్పు. ఆ ఇరవై ఐదూ పూడిస్తే పెద్ద చదరం పూర్తవుతుంది. దాని వైశాల్యం 64, భుజం 8. అందులోంచి 5 తీసేస్తే 3.

ముందు కుర్రాడు కుర్చీలో ముందుకు వంగాడు. "ఓ, అక్కడ నిజంగానే ఒక మూల ఉందన్నమాట!" అన్నాడు పైకే. నాకు గొంతు పూడుకుపోయింది. ఇన్నేళ్లుగా కలుపుతూ వచ్చిన ఆ ఇరవై ఐదుకు ఒక చోటుంది. పిల్లలకు లెక్కలు చెప్పబోయేవాళ్లు చూసి తీరాల్సిన బొమ్మ ఇది.

ఇదే లెక్కను బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ దాదాపు 820లో ఇలాగే బొమ్మ గీసి చేశాడు. ఆయన పుస్తకంలో గుర్తులు లేవు, లెక్కంతా మాటల్లోనే. ఈ సమీకరణానికి మైనస్ 13 కూడా జవాబే. పొడవులతో పనిచేసిన ఆయన దాన్ని పట్టించుకోలేదు. అంతకు చాలా ముందే, 628లో, బ్రహ్మగుప్తుడు రుణ సంఖ్యల కూడికలకు, గుణకారాలకు నియమాలు రాసిపెట్టాడు. ఇక మన పాతకాలపు గణితవేత్త శ్రీధరుడి ఉపాయం ఈ గదిలో ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతాను. వర్గం ముందు 3 ఉందనుకోండి, సగాలు చేయబోతే భిన్నాలు ముసురుకుంటాయి. ఆ మూడుకు నాలుగు రెట్లు, అంటే 12తో, సమీకరణం మొత్తాన్ని ముందే గుణించేయమన్నాడు. చదరం పూర్తి చేసేటప్పుడు భిన్నం అనేదే రాదు. శ్రీధరుడి బీజగణితం మనకు దొరకలేదు. ఈ సూత్రం మాత్రం 1150 నాటి భాస్కరుడి పుస్తకంలో, శ్రీధరుడి పేరుతోనే నిలిచింది. తెలుగమ్మాయి నోట్సు అంచున నేనది చేసి చూపిస్తే, ఫోన్‌తో ఫొటో తీసుకుంది.

విరామం పది నిమిషాలు. కాఫీ. మళ్లీ లోపలికి.

ప్రమేయాలు, గ్రాఫులు, బహుపదులు వారానికో రెండు అధ్యాయాల చొప్పున వెళ్లిపోతాయి. వాటికి సాధన చాలు, రాత్రి కూర్చుని చేస్తే చేతికొస్తాయి. చిక్కంతా నాలుగో వారంలో, సంవర్గమానాల దగ్గర. సోమవారం మొదలుపెట్టి బుధవారానికి సమీకరణాలు, గురువారం పరీక్ష. ఏడు శాతం చక్రవడ్డీకి డబ్బు ఎన్నాళ్లకు రెట్టింపవుతుంది? క్యాలిక్యులేటర్ పది సంవత్సరాల పైన మూడు నెలలు అంటుంది. మీట నొక్కడం అందరికీ వచ్చు. ఆ మీట ఏం అడుగుతోందో అర్థం కావడానికి మాత్రం పాలు తోడుకున్నట్టు ఒక రాత్రి కదలకుండా ఉండాలి. వేసవి ఆ రాత్రి ఇవ్వదు. మరునాటికి ఇంకో అధ్యాయం, ఇంకో హోమ్‌వర్కు.

"ఆంటీ, ఇది అడిగేది పవర్ ఎంత అనే కదా?" అని ఆ అమ్మాయి గుసగుసగా అడిగింది.

"అంతేనమ్మా. 1.07ను దానితోనే ఎన్నిసార్లు గుణిస్తే రెండవుతుంది, అదే ప్రశ్న."

నన్నడిగితే, చేతనైనవాళ్లు వేసవికి చరిత్రో, ఇంకో చదువుకునే సబ్జెక్టో పెట్టుకుని, ఇలా ఒకదానిమీద ఒకటి కట్టుకుంటూ పోయే లెక్కలను పొడుగు సెమిస్టర్‌కు ఉంచుకోవాలి. కానీ అటకలెక్కే కుర్రాడికి ఆగస్టు నుంచి పొద్దున పూట ఖాళీ ఉండదు. అతనికి ఉన్నది ఈ ఐదు వారాలే. అలాంటివాళ్ల కోసం ఈ గది తెరిచి ఉండడం మంచి విషయం. అయితే పక్కనే ట్యూటరింగ్ గది కూడా రాత్రి దాకా తెరిచి ఉంటే ఇంకా ఎక్కువమంది గట్టెక్కుతారు.

చివరి గురువారం. మాత్రికలతో సహా అన్నీ కలిపి పరీక్ష. ఇక్కడి నుంచి మీరు మాట్లాడకూడదు. రాస్తున్న చప్పుడు, ఏసీ హోరు. ముందు కుర్రాడి కాగితం మీద చూడండి, వర్గ సమీకరణం పక్కన చిన్న చదరం గీసి, మూల నింపుతున్నాడు.

బయటికొచ్చాక ఆ అమ్మాయి నా కోసం ఆగింది. "ఆంటీ, మీ 1350 సెకండ్ సమ్మర్ సెషన్‌లో తీసుకుంటున్నారా?"

"లేదమ్మా, ఫాల్‌లో. పదహారు వారాలూ కూర్చుని చదువుతాను."