ఆంగ్ల క్రియాప్రయోగ దోషాలు

ఇంగ్లీషు నేర్చుకునేవారు క్రియ కాలాన్ని ఎంచుకోవడంలో, క్రియను కర్తతో పొసగించడంలో చేసే పొరపాట్లు. వీటిలో చాలావాటికి మాతృభాష ప్రభావం ఒక కారణం.

కర్త-క్రియ పొందిక: తెలుగు క్రియ కర్త పురుష, లింగ, వచనాలను బట్టి మారుతుంది. ఇంగ్లీషు సాధారణ వర్తమానంలో ప్రథమ పురుష ఏకవచనానికి మాత్రమే చాలా క్రియలకు చివర ‘ఎస్’ చేరుతుంది. అభ్యాసకులు దీన్ని వదిలేసి ‘హి వర్క్’ అంటారు. ‘హి వర్క్స్’ అనాలి. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఆర్’ అనడం మరో దోషం. పక్కనున్న ‘ఫ్రెండ్స్’ బహువచనమైనా అసలు కర్త ‘వన్’ కాబట్టి ‘ఈజ్’ ఒప్పు.

కాలం: ‘2015 నుంచి ఇక్కడ ఉంటున్నాను’ అనే తెలుగు వాక్యం ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ 2015’గా మారుతుంది. గతంలో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ‘ఐ హావ్ బీన్ లివింగ్’ అనాలి. ‘డిడ్ నాట్ వెంట్’లో భూతకాలం రెండుసార్లు వచ్చింది, ‘డిడ్’ ఉన్నప్పుడు ‘గో’ చాలు. ‘యెస్టర్‌డే’ వంటి ముగిసిన సమయం చెప్పినప్పుడు ‘ఐ హావ్ సీన్’ పనికిరాదు, ‘ఐ సా’ అనాలి.

వాక్యంలో అసలు కర్తను, సమయాన్ని తెలిపే పదాన్ని ముందుగా గుర్తించడం అలవాటైతే ఈ దోషాలు చాలావరకు తొలగిపోతాయి.