కూల్చేసిన బ్లాకు కోసం వెతుకులాట

శనివారం రాత్రి 12 దాటింది. సింగపూర్‌లో సెరంగూన్ రోడ్డుకి దగ్గర్లో ఒక హెచ్‌డీబీ (ప్రభుత్వం కట్టించిన) ఫ్లాట్. అద్దె గదిలో మంచమ్మీద కుర్రాడు, ఒళ్ళో లాప్‌టాప్. తెరంతా నలుపు. ‘అలాంటి డివైజ్ లేదు’ అని ఇంగ్లిష్‌లో ఒక ముక్క, కింద ‘గ్రబ్’ అన్న మాట, పక్కన కొట్టుకుంటున్న కర్సర్.

పేరు రాయొద్దన్నాడు. కాకినాడ వాడు. అతని లాప్‌టాప్‌లో విండోస్ పక్కనే రెండేళ్ళుగా ఉబుంటు అనే ఇంకో సిస్టమ్ కాపురముంది. చోటు చాలడం లేదని, విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్ళి ఉబుంటు పార్టిషన్‌ని డిలీట్ కొట్టాడు. సంబరంగా రీస్టార్ట్ చేశాడు. అంతే.

కంప్యూటర్ కొట్లుండే సిమ్ లిమ్ స్క్వేర్ నడిచిపోయే దూరమే గానీ, ఈ వేళప్పుడు ఏ కొట్టు తెరిచుంటుంది? సోమవారం డెమో. హైదరాబాద్‌లో బావకి వీడియో కాల్ కలిపాడు. అక్కడింకా తొమ్మిదిన్నరే.

“విండోస్ పోయింది బావా! ఫార్మాట్ కొట్టెయ్యనా?”

“కొడితే అప్పుడు పోతుంది. ముందు తెర చూపించు.” బావ చేతిలో పెరుగన్నం కంచం.

1995లో ఎరిక్ బోలిన్ మొదలుపెట్టిన గ్రబ్, ఏ సిస్టమ్‌ని లేపాలో అడిగే కాపలాదారు. వాడుండేది ఈఎఫ్‌ఐ అనే చిన్న పార్టిషన్‌లో. వాడి చిట్టా మాత్రం ఉబుంటు ఇంట్లో. ఆ ఇంటిని యూయూఐడీ అనే పొడుగాటి నంబరుతో పట్టుకుంటాడు. సింగపూర్‌కి ఆరంకెల పోస్టల్ కోడ్ వచ్చిందీ 1995లోనే. ఒక్కో హెచ్‌డీబీ బ్లాకుకి ఒక్కో కోడ్. బ్లాకు కూల్చేశాక కోడ్ చేతబట్టుకుని వచ్చిన పోస్ట్‌మాన్ ఏం చేస్తాడు? ఖాళీ స్థలం ముందు నిలబడతాడు. గ్రబ్ చేస్తున్నదదే. పక్క బ్లాకులో విండోస్ హాయిగా నిద్రపోతోంది.

“ఎగ్జిట్ అని కొట్టి ఎంటర్ నొక్కు.”

“అంతేనా?”

“కొట్టరా బాబూ.”

తెర ఆరింది. ఒక్క క్షణం. లోగో వెలిగింది. గ్రబ్ తప్పుకోగానే మదర్‌బోర్డు తన జాబితాలో తర్వాతి పేరు పిలిచింది: విండోస్ బూట్ మేనేజర్. (అన్ని యంత్రాలూ ఇంత మంచివి కావు, కొన్నింట్లో బూట్ మెనూ తెరిచి మనమే చూపించాలి.)

కుర్రాడు ఎగిరి గంతేయబోయాడు.

“కూర్చో. రీస్టార్ట్ చేస్తే మళ్ళీ వాడే ఎదురొస్తాడు. డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం ఉందా? అది అడిగితే ఇవ్వాల్సిన 48 అంకెల కీ ఏదీ?”

“స్క్రీన్‌షాట్ తీశా. డెస్క్‌టాప్ మీదే ఉంది.”

“ఏ డెస్క్‌టాప్ మీద?”

కుర్రాడు మాట్లాడలేదు. ఫెయిర్‌ప్రైస్ సూపర్‌మార్కెట్ బిల్లు వెనక్కి తిప్పి, 48 అంకెలూ రాసుకున్నాడు.

తర్వాత అడ్మిన్ హోదాలో కమాండ్ ప్రాంప్ట్. ‘బీసీడీబూట్’ కమాండ్‌కి సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్ చూపిస్తే, అది బూట్ ఫైళ్ళు తాజాగా రాసి, జాబితాలో విండోస్‌ని పైకి తెచ్చింది. ‘మౌంట్‌వాల్’తో ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కి ఎస్ అనే అక్షరం తగిలించాడు. లోపల ఉబుంటు ఫోల్డర్, దాన్ని ఆనుకునే మైక్రోసాఫ్ట్ ఫోల్డర్.

“పేరు పైకి చదువు. చదివాకే తుడువు.”

చదివాడు. ఉబుంటు ఫోల్డర్‌ని తుడిచాడు. రీస్టార్ట్.

నల్ల తెర రాలేదు. “బావా, తిన్నగా విండోసే!” అని అరిచాడు. జవాబు లేదు. అటునుంచి కుళాయి చప్పుడు. బావ కంచం కడుక్కుంటున్నాడు.