వాద్యరత్నావళి దొరికి ఉంటే

గిటార్ ఆంప్లిఫైయర్‌ను అనుకరించే డిజిటల్ పెట్టెల చరిత్ర రాయబూనిన వారెవరైనా 1995లో రోలాండ్ సంస్థ తెచ్చిన వీజీ-8తోనో, 1998లో లైన్ 6 వారు విడుదల చేసిన పాడ్‌తోనో మొదలుపెడతారు. అది న్యాయమే. వరంగల్లులో కూర్చుని రాస్తున్నాను గనుక నేను మరో ఏడున్నర శతాబ్దాలు వెనక్కి వెళ్ళి మొదలుపెడతాను.

కాకతి గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయప సేనాని 1253-54 ప్రాంతంలో ‘నృత్తరత్నావళి’ని సంస్కృతంలో రచించాడు. ఆయన గీతరత్నావళి, వాద్యరత్నావళి అనే గ్రంథాలు కూడా రాశాడని సాహిత్య చరిత్రకారులు పేర్కొంటారు. ఆ రెండూ మనకు దక్కలేదు. నృత్త గ్రంథం మిగిలింది గనుకనే, పాలంపేటలోని రామప్ప గుడి శిల్పాలను దాని పక్కన పెట్టి చదివి నటరాజ రామకృష్ణ గారు పేరిణిని మళ్ళీ రంగస్థలం మీదికి తేగలిగారు. ఆ గుడి శిల్పాలలో మద్దెల వాయించేవారూ ఉన్నారు. వారి చేతుల వంపు తెలుస్తుంది, మద్దెల ఆకారం తెలుస్తుంది. ఏ శ్రుతికి బిగించారో, మూతల మీద ఏ పూత పూశారో రాయి చెప్పదు. పాలకుర్తి వాడని చెప్పుకునే సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో వీణా భేదాలను వరుసపెట్టి పేర్కొన్నాడు. ఒక్కొక్క పేరు చదువుతుంటే నోరూరుతుంది. కానీ పేరు వేరు, పలుకు వేరు.

తంతి వాద్యంలో తంతి తనంతట తాను పెద్దగా పలకదు. కిన్నెరకు సొరబుర్రలు, వీణకు పనసకుండ ఆ పలుకుకు శరీరాన్ని ఇస్తాయి. మెట్లను మైనంలో నిలపటాన్ని మేళం కట్టడం అంటారు. తంబురా గుర్రం మీద జీవాళి దారాన్ని వెంట్రుకవాసి జరిపితే నాదం విచ్చుకుంటుంది, లేదా మూసుకుపోతుంది. 1921లో సి.వి. రామన్ వీణ, తంబురాల గుర్రపు వంపు మీద తంతి ఒరుసుకుంటూ కదలడాన్ని పరిశీలించి, ఆ నాద సంపదకు కారణం అక్కడే ఉందని చూపించారు. నాదాన్ని వెంట్రుకవాసిలో సవరించే విద్య మనకు కొత్తది కాదని చెప్పడానికే ఇదంతా.

ఎలక్ట్రిక్ గిటారుకు సొరబుర్ర లేదు. దాని శరీరం బయట ఉంటుంది. వాల్వులున్న ఆంప్లిఫైయరు, దాని స్పీకరు పెట్టే ఆ శరీరం. 1950లలో లియో ఫెండర్ చేసిన బేస్‌మన్ ఆంప్లిఫైయరు సర్క్యూట్‌ను ఆధారం చేసుకునే 1960ల మొదట్లో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణం వారు తమ మొదటి ఆంప్లిఫైయర్‌ను తయారుచేశారు. శక్తికి మించి మోగించినప్పుడు వాల్వు నాదాన్ని నలిపేస్తుంది. ఇంజనీర్లు దోషమనుకున్న ఆ నలుగుడునే గిటారు వాద్యకారులు గుణంగా స్వీకరించారు. మోడలర్ పెట్టెలు గణితంలో పట్టుకోజూసేది ఆ దోషాన్నే.

పైనున్న బేస్, మిడిల్, ట్రెబుల్ మీటలు అందరికీ తెలిసినవే, వాటిని వదిలేద్దాం. అసలు పని లోపలి పేజీలలో ఉంటుంది. ‘సాగ్’ అనే మీట, గట్టిగా మీటినప్పుడు పాత ఆంప్లిఫైయరులో విద్యుత్తు కాసేపు కుంగి తేరుకునే తీరును నిర్ణయిస్తుంది. పెంచితే స్వరం మొదట ఒత్తుకుని తరువాత ఉబ్బుతుంది. ‘బయాస్’ వాల్వుల విశ్రాంత స్థితిని మారుస్తుంది. స్పీకరు పెట్టె వంతుకు ‘ఇంపల్స్ రెస్పాన్స్’ వస్తుంది. అతి మంద్రం నుంచి అతి తారం దాకా సాగే పరీక్షా నాదాన్ని పెట్టె గుండా పంపి, మైకుతో పట్టి, దాని స్పందనను లెక్కకట్టి దాచిన ఫైలు అది. నా అనుభవంలో ఈ ఒక్క ఫైలు మారిస్తే వచ్చే భేదం, మిగతా మీటలన్నీ తిప్పినా రాదు.

ఇక మనవాళ్ళు తప్పక చూడవలసింది ‘ఇన్‌పుట్ ఇంపిడెన్స్’. వీణకు కాంటాక్ట్ మైకు పెట్టి గిటారు పెట్టెకు కలిపితే నాదం పలచబడిందని, రేకు మోగినట్టుందని అంటారు. నేరం ఎప్పుడూ మైకుదే కాదు. 500 పికోఫారడ్ల పీజో మైకును 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌కు కలిపితే సుమారు 318 హెర్ట్జ్‌ల నుంచి కిందికి నాదం క్షీణిస్తూ పోతుంది. వీణ మంద్ర స్థాయి అంతా ఆ హద్దుకు కిందే ఉంది! 10 మెగాఓమ్‌ల బఫర్ మధ్యలో పెడితే ఆ హద్దు 32 హెర్ట్జ్‌లకు దిగిపోతుంది.

తెలుగువారిలో ఈ బయటి శరీరాన్ని నిస్సంకోచంగా తనది చేసుకున్నవాడు పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. మామూలు మాండొలిన్‌లో తంతులు జంటలు జంటలుగా ఉంటాయి, పలుకు త్వరగా ఆరిపోతుంది. గమకానికి రెండూ అడ్డే. ఆయన అయిదు ఒంటి తంతుల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఎంచుకున్నారు. తంతిని లాగి స్వరాన్ని సాగదీయడానికి ఒంటి తంతి, ఆ స్వరం ఆరిపోకుండా నిలవడానికి విద్యుత్తు. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసిన ఆ బాలుడు తరువాత జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ప్రపంచ వేదికలెక్కాడు. 2014లో నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయాడు. విద్యుత్తు కలిస్తే సంప్రదాయం చెడుతుందనే వాదానికి ఆయన కచేరీలను మించిన జవాబు నాకు తెలియదు.

నా దగ్గరున్న పెట్టెలో అమెరికా, ఇంగ్లండు ఆంప్లిఫైయర్ల నమూనాలు డజన్లకొద్దీ ఉన్నాయి. వీణ కుండ ఒక్కటీ లేదు. సాధ్యం కాక కాదు. కాంటాక్ట్ మైకులో గుర్రం జీరపలుకు ఎలాగూ వచ్చేస్తుంది. లోపించేది కుండ, బుర్రల స్పందన మాత్రమే. అది ఇంపల్స్ రెస్పాన్స్‌కు లొంగే భాగం. ఒక మంచి మైకు, నిశ్శబ్దంగా ఉండే గది, ఒక పూట సమయం చాలు.

వీణకు తొందర లేదు, వాయించేవారున్నారు. కిన్నెర సంగతి వేరు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చిన తరువాతే చాలామంది ఆ వాద్యం పేరు విన్నారు. పాటలు రికార్డయ్యాయి, మంచిదే. పాట వెంట ఆ గది, ఆ మైకు, ఆ పూట ఆయన గొంతు అన్నీ కలిసిపోయి ఉంటాయి. వాటినుంచి బుర్ర పలుకును విడదీయలేం. కిన్నెర బుర్రల స్పందనను విడిగా కొలిచి, ఏ బుర్ర ఎంత చుట్టుకొలతో, ఏ మెట్టు ఎక్కడుందో పక్కనే రాసిపెట్టాలి. జాయప తన మూడో గ్రంథంలో బహుశా చేసిన పని అదే. మన చేతిలో ఆయనకు లేని పరికరాలున్నాయి, కిన్నెరలు మాత్రం తగ్గిపోతున్నాయి.