పొరుగువాఁడు: విశాఖపట్టణమున క్రైస్తవనీతి తెలుఁగైన విధము

ఆంధ్రదేశమున క్రైస్తవబోధకులు చేసిన వాఙ్మయసేవను గూర్చి ముచ్చటించునపుడు చరిత్రకారులు సామాన్యముగా అచ్చుకూటములను, నిఘంటువులను, వ్యాకరణములను బేర్కొని విరమింతురు. అది గొప్పసేవయే, కాదనువారు లేరు. కాని యొక మతము పరదేశమునుండి వచ్చి యిక్కడి గృహస్థునకు నడవడి నేర్పఁదలఁచినపుడు, ఆ నడవడికి ఈ భాషలో ముందే పేళ్లున్నవా, ఉన్నవానిలో వేనిని గైకొనవలెను, వేనిని విడువవలెను అను విచారము తప్పదు. ఆ విచారమును గూర్చి వ్రాసినవా రరుదు. అచ్చునకెక్కిన తొలి తెలుఁగు సువార్తల విషయమున ఆ పని జరిగినచోటు విశాఖపట్టణము. కాఁబట్టి ఆ పట్టణమును బట్టియే నాలుగైదు పదముల చరిత్రను ఇందుఁ బరిశీలింతును.

లండను మిషనరీ సంఘమువారు పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అను నిరువురు 1805వ సంవత్సరమున విశాఖపట్టణము చేరిరి. అప్పటికి ఈస్టిండియా కంపెనీవారు తమ యేలుబడిలో మతబోధకులు సంచరించుటకు సుముఖులు కారు. 1813 నాఁటి పట్టాతోఁ గాని ఆ యడ్డంకి సడలలేదు. అయినను విశాఖలోని దొరలు వీరిని రానిచ్చిరి. వీరు కోటలోని యాంగ్లేయులకు ప్రార్థనలు జరుపుచు, బడి నడుపుచు, తెలుఁగు నేర్చుకొనుచు సువార్తల యనువాదమునకుఁ బూనుకొనిరి. అందు వారికిఁ దోడ్పడినవాఁడు ఆనందరాయరు అను బ్రాహ్మణక్రైస్తవుఁడు. మన వాఙ్మయచరిత్రలలో ఈతని పేరు కానరాకుండుట న్యాయము కాదు. దొరలు మూలార్థమును జెప్పఁగలరు గాని, ఏ మాట తెలుఁగువాని చెవికి ఇంపో, ఏది వెగటో చెప్పఁగలవాఁడు పక్కనున్న దేశీయుఁడే కదా!

క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించిరి. వారి మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడినవి. ఆ సంవత్సరమే మార్చినెలలో అక్కడి ముద్రణాలయము అగ్నికి ఆహుతియై అక్షరములు, వ్రాతప్రతులు పెక్కు నశించినను ఈ పొత్తములు వెలువడుట విశేషము. ఇంతకుముందు బెంజమిన్ షుల్జ్ అను జర్మను బోధకుఁడు తెలుఁగున బైబిలు ననువదించెను గాని అది అచ్చుపడలేదు. ఆయన చిన్నపొత్తములు మాత్రము హాలే పట్టణమున ముద్రితములైనవి. విశాఖలో ముందువారి పనిని ప్రిచ్చెట్టు, గార్డనులు కొనసాగించిరి. ప్రిచ్చెట్టు నూతననిబంధన 1818లో వెలువడినది. 1840లో వచ్చిన జాన్ హే పండితుఁడు 1891లో మరణించువఱకు ఆ పట్టణమును విడువక అనువాదసంస్కరణమున ఆయుస్సు గడపెను. కావున నేఁడు తెలుఁగు బైబిలులో మనము చూచు పదములు ఒక్కని సృష్టి కావు. పలువురు పలుమాఱులు తూఁచి నిలిపినవి.

వానిలో మొదట పరిశీలింపఁదగినది 'మాఱుమనస్సు'. నేఁటి ముద్రణములలో బండిఱ లేక 'మారుమనస్సు' అని కానవచ్చును. గ్రీకుమూలమున ఈ స్థానమున నున్న 'మెటానోయియా' అను పదమునకు బుద్ధి మాఱుట యని యవయవార్థము. దీనికి మనభాషలో సిద్ధముగా రెండు పదములుండెను. ఒకటి పశ్చాత్తాపము. తప్పు చేసిన తరువాత కలుగు మంట యని దాని యర్థము. ఆ మంట చల్లారినపిదప మనుష్యుఁడు మరల పూర్వపు త్రోవనే పోవచ్చును. రెండవది ప్రాయశ్చిత్తము. ధర్మశాస్త్రములలో ఇది కృచ్ఛ్రము, చాంద్రాయణము, గోదానము మున్నగు కర్మలకుఁ బేరు. అనువాదకులు ప్రాయశ్చిత్తపదమును విడువలేదు. పూర్వనిబంధనలోని బలిపీఠపుఁ గర్మలకు దానిని వినియోగించిరి. మనుష్యుని లోపలి మార్పునకు మాత్రము 'మాఱుమనస్సు' అనిరి. ఈ విభాగము మిక్కిలి మెచ్చఁదగినది. కర్మ చేయించుకొని దక్షిణ చెల్లించినంత తీఱునది యొకటి, తాను మాఱినఁగాని తీఱనిది మఱొకటి యని రెండు పదములతోనే తేటపడినది. అరవ బైబిలునందును మనస్సు తిరుగుట యను నర్థముగల మాటయే కలదు.

ఇది వ్యాకరణసమ్మతమా యని కొందఱు నన్నడిగిరి. 'మాఱు' ఆచ్ఛికము, 'మనస్సు' తత్సమము. రెండును గలసినది మిశ్రసమాసము. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమునందు మిశ్రసమాసమునకుఁ దావు కలదు. కావున దోషములేదు. నాకుఁ దోఁచు సందేహము వేఱు. మన భాషలో 'మాఱువేషము' అనఁగా దొంగవేషము, 'మాఱుపేరు' అనఁగా అసలుది కాని పేరు. ఆ వరుసలో మాఱుమనస్సును పైకిఁ దొడుగుకొనుటకు వీలగు వస్తువువలె వినఁబడునేమో! వేషమేది, మనస్సేది యని పదము చెప్పదు, ఇరుగుపొరుగువారే చెప్పవలెను. లూకా సువార్తలోని జక్కయ్య పన్నులు వసూలుచేయువాఁడు. అతని మార్పు అతని లెక్కలలోఁ గానవచ్చినది: ఆస్తిలో సగము బీదలకు, అన్యాయముగాఁ దీసికొన్నదానికి నాలుగింతలు సొంతదారులకు.

లెక్కలమాట వచ్చినది గనుక ఋణశబ్దమును జూతము. క్రీస్తు నేర్పిన ప్రార్థనలో మత్తయి పాఠమున పాపములకు బదులు ఋణములున్నవి. గ్రీకుమాటకును అప్పు అనియే యర్థము. వైదికునకు ఋణపదము క్రొత్తది కాదు. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని మూఁడింటితో పుట్టినవాఁడు యజ్ఞముచేతను, అధ్యయనముచేతను, సంతానముచేతను వానిని దీర్చుకొనవలెను. మన ఋణము తీఱునది. ఈ ఋణము క్షమింపఁబడునది. 'ఋణము' అను కర్మపదమునకు 'క్షమించు' అను క్రియ చేరుట మన చెవికి మొదట ఎబ్బెట్టుగా నుండును. కాని ఆ యెబ్బెట్టుననే బోధ యున్నది. తాను క్షమింపఁబడఁగోరువాఁడు తనకు బాకీపడినవానిని ముందు విడువవలెనని నియమము. ఓడరేవు పట్టణమున, వర్తకులు పత్రములు వ్రాయించుకొని వడ్డీలు లెక్కించు వీథులలో, ఈ ప్రార్థన అనుదినము చేయుట తేలికపని కాదు.

ఇట్టిచోటులనే 'అచ్చియుండు' అను ప్రాఁతక్రియ కనఁబడును. బాకీపడియుండుట దీనియర్థము. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో ప్రేమవిషయమునఁ దప్ప ఎవరికిని అచ్చియుండరాదని నిషేధము కలదు. నేఁటి తెలుఁగువారు నోటితో అనని యీ మాట ఆదివారమున దేవాలయములలో మాత్రము వినఁబడుచున్నది. పండితులు విడిచినదానిని పామరుల ప్రార్థన కాపాడినది.

మనస్సాక్షి, సమాధానము అను వానిని గూర్చి సంగ్రహముగాఁ జెప్పెదను. మొదటిదానియందు విసర్గకు సకారము వికల్పముగా వచ్చును గనుక 'మనఃసాక్షి' యనినను సాధువే. సాక్షి యనఁగా నేత్రముతో సాక్షాత్తుగాఁ జూచినవాఁడు. వ్యాజ్యములో ఎదుటివాని పక్షమున నిలువవలసిన సాక్షి తన మనస్సే యైనపుడు ప్రతివాది గతి యేమి! సమాధానము సంస్కృతమున చిత్తైకాగ్రతయు, వ్యవహారమున ప్రత్యుత్తరమును, బైబిలున శాంతి. ఈ మూఁడవ యర్థము తెలుఁగు క్రైస్తవుల యిండ్లలో స్థిరపడినది.

ఇఁక ముఖ్యమైనది 'పొరుగువాఁడు'. తన్నువలె పొరుగువానిని ప్రేమింపవలెనని లేవీయకాండమున నున్న విధిని క్రీస్తు రెండవ ముఖ్యాజ్ఞగా నిలిపెను. గ్రీకున 'ప్లేసియోన్' అనఁగా సమీపమున నున్నవాఁడు. సంస్కృతమున 'ప్రతివేశి' యను చక్కని పదమున్నను అనువాదకులు దానిని గొనక, ఇల్లాలు దినమునకుఁ బదిమాఱు లను 'పొరుగు' నే గొనిరి. నిప్పుకో, మజ్జిగకో గోడమీఁదుగాఁ బిలుచు మనిషి పొరుగు. బోధ ఇంటిలోనికి వచ్చుటకు ఇంతకన్న దగ్గఱిత్రోవ లేదు.

కాని ఇందొక చిక్కున్నది. మన గ్రామములలో పొరుగు ఎవరు? అగ్రహారమున అగ్రహారీకునకు పొరుగు అగ్రహారీకుఁడే. సాలెవాడలో సాలెవాఁడు, పల్లెలో పల్లెవాఁడు, మాలపల్లెలో మాలవాఁడు. వీథులను కులమే తీర్చెను గనుక పొరుగును కులమే తీర్చెను. కావున పొరుగువానిని ప్రేమింపుమని తెలుఁగున చెప్పినంత, వినువాఁడు 'మావారిని ప్రేమించుచునే యున్నాము' అని సంతోషముగా నింటికిఁ బోవచ్చును. పదము సులభమైన కొలఁది విధి చిన్నదైనది.

ఈ చిక్కు యూదులకును ఉండెను. కనుకనే ధర్మశాస్త్రోపదేశకుఁ డొకఁడు పొరుగువాఁ డెవఁడని క్రీస్తు నడిగినట్లు లూకా వ్రాసెను. అది మనవంటి శాస్త్రవేత్త ప్రశ్న. లక్షణము చెప్పుము, అతివ్యాప్తి యవ్యాప్తులు లేకుండఁ జెప్పుము అని యతని తాత్పర్యము. క్రీస్తు లక్షణము చెప్పక కథ చెప్పెను. యెరూషలేమునుండి యెరికోకుఁ బోవు త్రోవలో దొంగలచేఁ గొట్టఁబడి కొనయూపిరితోఁ బడియున్నవానిని యాజకుఁడు చూచి తొలఁగిపోయెను, లేవీయుఁడును అట్లే. వారిని కఠినులనుట సులభము. శవమును ముట్టిన యాజకునకు మైల యని వారి ధర్మము. మడి కట్టుకొన్న మన పెద్దలు ఆ త్రోవనుఁ బోయియుండిన, ఎందఱు వంగి చూచియుందురో నేను చెప్పఁజాలను. కడపట యూదులు అంటరాదని యెంచు సమరయుఁడు వచ్చి గాయములు కట్టి, సత్రమునకుఁ గొనిపోయి, ఖర్చు తానిచ్చెను. ఈ మువ్వురిలో ఆతనికి పొరుగువాఁడైనవాఁ డెవఁడని క్రీస్తు ఎదురు ప్రశ్న వేసెను.

వ్యాకర్తకు ఇచట ఆనందము కలుగును. ప్రశ్నలో పొరుగువాఁడు ప్రేమక్రియకు కర్మకారకము. ప్రత్యుత్తరమున అతఁడు కర్త. ఎవరు నా పొరుగు అని యెంచుట మాని, నేనెవరికిఁ బొరుగునైతిని అని యడుగవలసివచ్చెను. పొరుగుతనము ఉన్న స్థితి కాక చేయఁబడు పని యైనది. వీథితోఁ బుట్టిన తెలుఁగుపదము ఈ కథతో వీథిని దాఁటినది. అనువాదకులు 'ప్రతివేశి' యనియుండినచో పామరుఁడు అర్థమడిగి ఊరకుండెడివాఁడు. 'పొరుగువాఁడు' అనుటచే అతని గోడకే గండి పడినది.

గండి పడినదే గాని గోడ కూలలేదు. క్రైస్తవసంఘములలోను కులభేదము చాలచోట్ల నిలిచియే యున్నది. 1833లో బాప్తిస్మముపొందిన పురుషోత్తమ చౌదరి (1803–1890) రాగతాళములతోఁ గీర్తనలు రచించి క్రైస్తవనీతిని వంటయింటిదాఁకఁ జేర్చినవాఁడు. ఆయనయే 'కులాచారపరీక్ష' వ్రాసెను. ఆ యాచారమును ప్రత్యేకముగాఁ బరీక్షింపవలసివచ్చెననఁగా ఆజ్ఞ యొక్కటి చాలలేదన్నమాట.

విశాఖకే వచ్చిన మఱొక శాఖను జెప్పకుండుట న్యాయము కాదు. ఫ్రాన్సిస్ డి సేల్సు పేరిటి కతోలిక గురువులు, 1838లో అన్సీ పట్టణమున నేర్పడిన సంఘమువారు, 1846లో ఇచటికి వచ్చిరి. మఱుసటియేఁడే సెయింటు అలోషియస్ పాఠశాల వెలసినది. వారి కులపతి 1609లో ప్రకటించిన భక్తజీవనప్రవేశికలో చెప్పినది, సైనికుఁడు, పనివాఁడు, గృహిణి, రాజు తమ తమ స్థితులను విడువకయే, వానికిఁ దగినట్లు భక్తి నాచరింపవచ్చునని. స్వధర్మము నెఱిఁగినవారికిది వింతగాఁ దోఁపదు. రేవు ముఖద్వారముకడ రాసు కొండపై ప్రార్థనాలయము, దాని చెంతనే దర్గాకొండ, వేంకటేశ్వరకొండ నిలిచియున్నవి. అచట మూఁడు మతములును పొరుగువారే.

1933లో నౌకాశ్రయము తెఱువఁబడినది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. ఉక్కునగరమున ఇండ్లు ఉద్యోగపు శ్రేణినిబట్టి యీయఁబడును. గోడ కావలివాఁడు ఏ కులమువాఁడో పట్టికలో నుండదు. మజ్జిగకు గోడమీఁదుగాఁ బిలుచునపుడు పిలుపు ఎవరికిఁ జేరునో పిలుచువానికే తెలియదు. అయితే ఆ కర్మాగారమునకై భూములు విడిచిన పల్లెలవారున్నారు. వారిలో ఉద్యోగముకొఱకు ఏండ్లతరబడి యెదురుచూచినవారు పెక్కండ్రు. వారి యిండ్లు ఆ పట్టికలో లేవు.