కాంపౌండరు నుంచి ఫార్మసిస్టు దాకా: ఔషధవిద్యలో ప్రవేశార్హతలు, పాఠ్యప్రణాళిక – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
భారతదేశంలో ఔషధవిద్య ప్రవేశార్హతలు, పాఠ్యప్రణాళిక గత తొమ్మిది దశాబ్దాలలో పలుమార్లు మారాయి. ఒక్కొక్క మార్పు వెనుక ఫార్మసిస్టు ఎవరనే ప్రశ్నకు ఒక్కొక్క సమాధానం ఉంది. ఆ సమాధానాలను గుర్తించడం, వాటిలో రోగి భాషకు దక్కిన స్థానాన్ని తెలుగు ప్రాంతాల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఔషధవిద్య, ప్రవేశార్హత, పాఠ్యప్రణాళిక, కాంపౌండరు, ఫార్మసిస్టు, రోగి భాష.

1. ఉపోద్ఘాతం:
తెలుగు పల్లెల్లో మందులిచ్చే వ్యక్తిని చాలాకాలం 'కాంపౌండరు' అన్నారు. వైద్యుడు రాసిన చీటీ ప్రకారం మందులు కలిపి, సీసాలో పోసి, వాడే తీరు చెప్పి పంపడం అతని పని. ఆ విద్య ఎక్కువగా ఆసుపత్రిలో చూసి నేర్చుకున్నదే. ఈ పని విశ్వవిద్యాలయ పట్టాగా మారిన క్రమాన్ని అర్థం చేసుకోవడానికి ప్రవేశ నియమాలు, పాఠ్యాంశాల పట్టికలు ముఖ్యమైన ఆధారాలు.

2. తొలిదశ – పరిశ్రమ కోసం రసాయనజ్ఞుడు:
1930–31లో కర్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన పనిచేసిన ఔషధ విచారణ సంఘం మందుల నాణ్యతపై నియంత్రణ లేకపోవడాన్ని వెల్లడించింది. శిక్షణ పొందిన ఫార్మసిస్టుల అవసరాన్నీ నొక్కిచెప్పింది. 1932లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో మహాదేవ లాల్ ష్రాఫ్ చొరవతో ఔషధ రసాయనశాస్త్ర బోధన మొదలైంది. 1937లో అక్కడే మూడేళ్ళ బి.ఫార్మసీ కోర్సు ఏర్పడింది. రసాయనశాస్త్రం పునాదిగా వెలసిన ఈ విద్య ప్రధానంగా తయారీ, విశ్లేషణ రంగాలవైపు చూసింది. తెలుగునేలపై 1951లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఔషధశాస్త్ర బోధన ఆరంభమైంది.

3. 1948 చట్టం – అనుభవం నుంచి చదువుకు:
1948 నాటి ఫార్మసీ చట్టం ఈ చరిత్రలో కీలకమైన మలుపు. దాని ప్రకారం 1949లో భారత ఫార్మసీ మండలి ఏర్పడింది. విద్యా నియమావళిని రూపొందించే అధికారాన్ని చట్టంలోని 10వ సెక్షన్ ఆ మండలికి ఇచ్చింది.

తొలి రిజిస్టరులో పేరు నమోదుకు చట్టం చూపిన అర్హతలు గమనించదగినవి. ఫార్మసీ పట్టా లేదా డిప్లొమా ఉన్నవారితోపాటు, వేరే పట్టా ఉండి ఆసుపత్రిలో మూడేళ్ళు మందులు కలిపినవారినీ, గుర్తింపు పొందిన కాంపౌండరు పరీక్ష ఉత్తీర్ణులనూ అది అంగీకరించింది. ఏ పట్టా లేకున్నా ఐదేళ్ళు ఆ పని చేసినవారికి సైతం చోటు కల్పించింది. అంటే అప్పటికి అనుభవం కూడా ఒక అర్హతే. తరువాతి కాలంలో ఆ దారి మూసుకుపోయి, నిర్ణీత విద్య ఒక్కటే మార్గమైంది. రోగి భద్రత దృష్ట్యా ఇది అవసరమైన మార్పే.

4. నేటి ప్రవేశార్హతలు, పాఠ్యాంశాలు:
డి.ఫార్మసీకి ఇంటర్మీడియట్ స్థాయిలో భౌతిక, రసాయన శాస్త్రాలతోపాటు జీవశాస్త్రం లేదా గణితం చదివి ఉండాలి. రెండేళ్ళ చదువు తరువాత 500 గంటల ప్రయోగాత్మక శిక్షణ తప్పనిసరి. అందులో కనీసం 250 గంటలు చీటీ ప్రకారం మందులివ్వడానికి కేటాయించాలి.

2014 నియమావళి బి.ఫార్మసీని ఎనిమిది సెమిస్టర్లుగా తీర్చింది. ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదవనివారికి ఆ శాస్త్రంలోనూ, గణితం చదవనివారికి గణితంలోనూ తొలి సెమిస్టరులో పూరక పాఠాలుంటాయి. ఎం.పి.సి., బైపీసీ విద్యార్థులు ఒకే తరగతిలో కూర్చోవడానికి ఈ ఏర్పాటు తోడ్పడుతుంది. డి.ఫార్మసీ పూర్తిచేసినవారు నేరుగా మూడవ సెమిస్టరులో చేరవచ్చు. శరీర నిర్మాణశాస్త్రం, ఔషధ విశ్లేషణ మొదలుకొని ఔషధ ప్రభావశాస్త్రం, మూలికాద్రవ్య శాస్త్రం, ఔషధ న్యాయశాస్త్రం వరకు పాఠ్యాంశాలు విస్తరించాయి. 2008లో వచ్చిన ఫార్మ్.డి. ఐదేళ్ళ చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్పుతో ఫార్మసిస్టును రోగి మంచం దగ్గరికి చేర్చింది.

తెలుగు రాష్ట్రాల ప్రవేశ పరీక్ష పేరులోనూ ఈ చరిత్ర కనిపిస్తుంది. 'ఎంసెట్'లోని 'ఎం' వైద్యవిద్యకు సంకేతం. వైద్య ప్రవేశాలు 'నీట్' పరిధిలోకి వెళ్ళాక ఆంధ్రప్రదేశ్ 2021లోనూ, తెలంగాణ 2024లోనూ దానిని 'ఈఏపీసెట్'గా మార్చాయి. 'పి' అక్షరం ద్వారా ఫార్మసీ ఆ పేరులోకి వచ్చింది.

5. పాఠ్యప్రణాళికలో రోగి భాష:
బి.ఫార్మసీ తొలి సెమిస్టరులోని సంభాషణ నైపుణ్యాల పాఠ్యాంశంలో ఆంగ్ల ఉచ్చారణ అభ్యాసాలున్నాయి. ఏడవ సెమిస్టరులోని ఫార్మసీ ప్రాక్టీసులో రోగికి సలహా ఇవ్వడం ఒక అంశం. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నియమాలు దానిని వృత్తిధర్మంగానూ నిర్దేశించాయి. అయితే ఆ సలహా తెలుగు రోగికి చేరవలసింది తెలుగులో. ఇది కేవలం అనువాద సమస్య కాదు.

చీటీపై 'ఏ.సి.' అనే లాటిన్ సంక్షిప్తానికి 'భోజనానికి ముందు' అని అర్థం చెబుతారు. ఉదయం ఇడ్లీ తిని, మధ్యాహ్నం అన్నం తినే వ్యక్తి దృష్టిలో ఇడ్లీ 'టిఫిను' మాత్రమే, 'భోజనం' కాదు. కనుక ఉదయం వేసుకోవలసిన మాత్రను మధ్యాహ్నానికి వాయిదా వేసే ప్రమాదముంది. 'పరగడుపున' అంటే పొద్దున ఏమీ తినకముందని రోగి గ్రహిస్తాడు, కానీ రాత్రి భోజనానికి ముందు వేసుకోవలసిన మాత్రకు ఆ మాట పనికిరాదు. 'పూటకొకటి' అన్నప్పుడు రోజుకు రెండా, మూడా అన్నది ఇంటి అలవాటును బట్టి మారుతుంది. మాత్ర సరైనదే అయినా మాట తప్పితే మోతాదు తప్పుతుంది.

అనుభవంతో నేర్చిన కాంపౌండరుకు శాస్త్రజ్ఞానం కొరవడి ఉండవచ్చు. అయితే అతను పని నేర్చిందీ, చెప్పిందీ రోగి మాటలోనే. అనుభవం స్థానంలో చదువు వచ్చినప్పుడు ఆ మాట పాఠ్యప్రణాళికలోకి చేరలేదు.

6. ముగింపు:
ఔషధనామాలు, ప్రమాణగ్రంథాలు, పరిశోధన ఆంగ్లంలో ఉన్నందున బోధనామాధ్యమాన్ని మార్చాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన కాదు. ఫార్మసీ ప్రాక్టీసు ప్రయోగ తరగతుల్లో రోగితో తెలుగులో మాట్లాడే అభ్యాసం చేర్చడం, వేళలు, మోతాదులు, జాగ్రత్తలు తెలిపే పదాలను మాండలిక భేదాలతో సహా సేకరించడం సాధ్యమైన పనులు. రెండవ పనిలో తెలుగుశాఖలు ఫార్మసీ కళాశాలలకు తోడు నిలవగలవు. ప్రవేశార్హతలు విద్యార్థికి ఏమి తెలిసి ఉండాలో చెబుతాయి. పాఠ్యప్రణాళిక అతను ఏమి నేర్వాలో చెబుతుంది. నేర్చినది ఎవరికి, ఏ మాటలో అందాలన్న ప్రశ్నకు కూడా అందులో చోటు కల్పించవలసి ఉంది.